ఆ బండి బాటకు ముందే ఒక కాలిబాట ఉంది



ఇంగ్లిష్‌లో 'పయనీర్' అనే మాట ఉంది. మన తెలుగు పుస్తకాల్లో దాన్ని 'మార్గదర్శకుడు' అనో 'ఆద్యుడు' అనో రాస్తారు. అంటే దారి చూపినవాడు, అందరికంటే ముందు వచ్చినవాడు. అమెరికా చరిత్రలో ఈ మాటను ఎక్కువగా ఎవరికి వాడతారో తెలుసా? 1840ల నుంచి గుడారపు గుడ్డ కప్పిన ఎడ్లబండ్లతో తూర్పు నుంచి పడమటికి వెళ్లి స్థిరపడ్డ తెల్లవాళ్లకు. మరి దారి చూపింది వాళ్లేనా? ముందు వచ్చింది వాళ్లేనా? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని ఆ బాట వెంట ఒకసారి నడిచి చూద్దాం రండి. ఎక్కడో అమెరికా కథ మనకెందుకు అనుకోకండి. చివరికి మన ఊరి గట్టు దగ్గరికే వస్తాం.

ఆ బాటల్లో అన్నిటికంటే పేరున్నది ఒరెగాన్ ట్రెయిల్. మిస్సోరి రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ ఊరి నుంచి పసిఫిక్ వైపున్న ఒరెగాన్‌లోని విలామెట్ లోయ దాకా సుమారు 3,490 కిలోమీటర్లు. 1843లో దాదాపు వెయ్యి మంది ఒకే గుంపుగా బయలుదేరారు. అక్కడి నుంచి వరద మొదలైంది. 1869లో ఖండం అడ్డంగా రైలు మార్గం పూర్తయ్యేలోపు ఒరెగాన్, కాలిఫోర్నియా, యూటా వైపు ఈ బాటల మీద మూడు నాలుగు లక్షల మంది వెళ్లారని చరిత్రకారుల అంచనా.

సినిమాల్లో చూపించినట్టు బండి మీద కూర్చుని పాటలు పాడుకుంటూ పోలేదు. బండి నిండా పిండి, పంది మాంసం, పనిముట్లు, పరుపులు. ఎక్కువ మంది దుమ్ములో బండి పక్కనే నడిచారు. రోజుకు పాతిక కిలోమీటర్లు నడిస్తే గొప్ప. మొత్తం ప్రయాణం నాలుగు నుంచి ఆరు నెలలు. గడ్డి మొలవకముందే బయలుదేరితే ఎడ్లకు మేత దొరకదు. ఆలస్యమైతే కొండల మీద మంచులో ఇరుక్కుంటారు. అందుకే దారిలో కనిపించే ప్రతి రాతిగుట్టా వాళ్లకు ఒక లెక్క. వయోమింగ్‌లో ఇండిపెండెన్స్ రాక్ అనే నల్లరాతి గుట్ట ఉంది. సుమారు 130 అడుగుల ఎత్తు, చుట్టూ తిరిగి రావాలంటే మైలు పైనే. జూలై 4, అంటే వాళ్ల స్వాతంత్ర్య దినం లోపు అక్కడికి చేరితే ప్రయాణం సరిగా సాగుతున్నట్టు. చేరినవాళ్లు ఆ రాతి మీద తమ పేర్లు చెక్కేవాళ్లు. ఆ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకొంచెం తూర్పున గెర్న్సీ దగ్గర బండి చక్రాలు మెత్తటి ఇసుకరాతిని కోసి కోసి కొన్నిచోట్ల ఐదు అడుగుల లోతు గాడి చేశాయి. మనిషి నిలబడితే ఛాతీ దాకా వస్తుంది. చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. నిజమే, అది మామూలు శ్రమ కాదు.

కానీ ఆ గాడి ఎవరి నేల మీద పడింది?

దారి సంగతే ముందు చూద్దాం. రాకీ పర్వతాలను బండితో దాటడానికి వీలైన చోటు సౌత్ పాస్. సుమారు 7,400 అడుగుల ఎత్తులో ఉన్నా వెడల్పుగా, వాలుగా ఉండే కనుమ. అది లేకపోతే ఒరెగాన్ బాటే లేదు. 1812లో రాబర్ట్ స్టువర్ట్ అనే ఉన్ని చర్మాల వ్యాపారికి ఆ దారి గురించి చెప్పింది ఒక షొషోనీ మనిషి. తర్వాత దాన్ని తెల్లవాళ్లు మళ్లీ మరిచిపోయారు. 1824లో జెడెడయా స్మిత్ గుంపుకు దాని జాడ చెప్పింది క్రో తెగవాళ్లు. స్మిత్ 'కనిపెట్టాడు' అని పుస్తకాలు రాశాయి. పుట్టినప్పటి నుంచి ఆ కనుమలో రాకపోకలు చేస్తున్నవాళ్ల దగ్గర అడిగి తెలుసుకోవడాన్ని కనిపెట్టడం అంటారా? మన అడవిలో మనోడి వెంట నడిచి జలపాతం చూసి, తిరిగి వెళ్లి 'ఎవరికీ తెలియని జలపాతం' అని వీడియో పెట్టేవాళ్లను చూస్తున్నాం కదా. అలాంటిదే ఇది.

పేర్ల సంగతి ఇంకా తమాషా. నెబ్రాస్కా మైదానంలో ఆకాశంలోకి పొడుచుకుని నిలబడ్డ రాతి స్తంభం ఒకటి ఉంది. వలసవాళ్ల డైరీల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే గుర్తు అదే. ఇంటి పొగగొట్టం అలవాటైనవాళ్లు దానికి చిమ్నీ రాక్ అని పేరు పెట్టారు. లకోటా వాళ్లు మాత్రం దాన్ని ఎల్క్ అనే పెద్ద దుప్పి మగతనంతో పోల్చి పిలిచేవాళ్లు. నవ్వొస్తుంది కదా? కానీ ఆలోచించండి, ఆ పేరులో దుప్పి ఉంది, వేట ఉంది, పొయ్యి చుట్టూ కూర్చుని చెప్పుకునే సరసం ఉంది. 2006లో నెబ్రాస్కా పేరుతో అమెరికా ఒక నాణెం వేసింది. దాని మీద చిమ్నీ రాక్, పక్కన ఎడ్లబండి. దుప్పి లేదు, లకోటా లేరు. దగ్గర్లోనే ఉన్న ఇంకో పెద్ద గుట్టను అక్కడి తెగలు 'చుట్టి వెళ్లడం కష్టమైన కొండ' అనేవాళ్లు. ఆ పేరు వింటేనే దారి తెలుస్తుంది. ఇప్పుడు దాని పేరు స్కాట్స్ బ్లఫ్. 1828 ప్రాంతంలో అక్కడ చనిపోయిన ఒక చర్మాల కంపెనీ గుమస్తా పేరు అది. గుమస్తాకు కొండ దక్కింది. కొండతో బతికినవాళ్లకు?

వాళ్లకేం దక్కిందో చెప్తాను. బండ్లు ప్లాట్ నది వెంట వెళ్లేవి. ఆ నది ఒడ్డు గడ్డి, కాటన్‌వుడ్ చెట్లు అక్కడి తెగలకు ప్రాణాధారం. చలికాలంలో గుర్రాలకు మేత, పొయ్యికి కట్టె అన్నీ అక్కడే. ఏటా వేల వేల పశువులు ఆ గడ్డిని ఊడ్చేశాయి. చెట్లు వంటచెరుకయ్యాయి. అడవిదున్నల మందలు బాటకు దూరంగా జరిగిపోయాయి. 1849లో బండ్లతో పాటు కలరా వచ్చింది. వలసవాళ్లనూ చంపింది, పానీలనూ షైయెన్‌లనూ ఇంకా ఘోరంగా చంపింది. ఒరెగాన్ బాట పడమటి కొసన, మత ప్రచారానికి వచ్చిన విట్‌మన్ దంపతుల మిషన్ దగ్గర 1847లో తట్టు వచ్చింది. వైద్యుడైన విట్‌మన్ మందిస్తే తెల్లపిల్లల్లో చాలామంది కోలుకున్నారు. కయూస్ పిల్లలు గుంపులుగా చనిపోయారు. విషం పెడుతున్నాడని అనుమానం పుట్టింది. కొందరు కయూస్‌లు విట్‌మన్ దంపతులతో సహా 13 మందిని చంపారు. 1850లో ఐదుగురు కయూస్ పురుషులను ఒరెగాన్ సిటీలో ఉరి తీశారు. చంపడం తప్పే. కానీ ఆ తెగ పిల్లల సమాధుల లెక్క ఏ కోర్టూ అడగలేదు.

'బండ్ల మీద ఇండియన్ల దాడి' అనే సినిమా దృశ్యం మీ అందరికీ తెలిసిందే. జాన్ అన్రూ అనే చరిత్రకారుడు వలసవాళ్ల డైరీలు, పాత పత్రికలు తిరగేసి లెక్క తీశాడు. 1840 నుంచి 1860 దాకా ఇరవై ఏళ్లలో తెగలవాళ్ల చేతిలో చనిపోయిన వలసవాళ్లు 362 మంది. వలసవాళ్ల చేతిలో చనిపోయిన తెగలవాళ్లు 426 మంది. లక్షల మంది నడిచిన బాట మీద ఇది లెక్క! ఎక్కువ మందిని చంపింది రోగాలు, నదులు, తుపాకీ ప్రమాదాలు. నిజానికి చాలాచోట్ల తెగలవాళ్లే నదులు దాటించారు, దారి చెప్పారు, స్నేక్ నది దగ్గర సాల్మన్ చేపలు ఇచ్చి బట్టలు, సామాన్లు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు ఆ చేపలే ప్రాణం నిలిపాయి. ఆ సంగతి సినిమాకు పనికిరాలేదు.

ఇక అసలు మాట. బాట నుంచి భూమి దాకా ఎలా వచ్చారో చూడండి. ఒక్క రోజులో లాక్కోలేదు. మెట్టు మెట్టుగా వచ్చారు.

మొదట అడిగింది 'దారి ఇవ్వండి' అని మాత్రమే. 1851లో లారమీ కోటకు కొంత దూరంలో హార్స్ క్రీక్ దగ్గర పెద్ద సభ జరిగింది. లకోటా, షైయెన్, అరాపహో, క్రో లాంటి తెగల నుంచి సుమారు పది వేల మంది వచ్చారు. ఒప్పందం ఇది: మీ నేలలో రోడ్లు వేసుకుంటాం, కోటలు కట్టుకుంటాం, బదులుగా ఏడాదికి 50 వేల డాలర్ల విలువైన సరుకులు 50 ఏళ్ల పాటు ఇస్తాం. వాళ్లు గుర్తు పెట్టారు. తర్వాత కాగితం వాషింగ్టన్ వెళ్లింది. సెనేట్ 50 ఏళ్లను 10 ఏళ్లకు కోసేసింది. గుర్తు పెట్టినప్పుడు ఒక మాట, కాగితం తిరిగొచ్చాక ఇంకో మాట. ఎక్కడో విన్నట్టుంది కదా?

మూడేళ్లకే, 1854లో, ఒక వలస బండి వెనక కుంటుతూ వస్తున్న ఆవు తప్పిపోయి లకోటా శిబిరం వైపు వెళ్లింది. ఒకతను దాన్ని కోశాడు. పెద్దమనిషి కాంకరింగ్ బేర్ నష్టపరిహారం ఇస్తానన్నాడు. కుదరలేదు. గ్రాటన్ అనే కుర్ర లెఫ్టినెంటు 29 మంది సైనికులతో, ఫిరంగులతో శిబిరానికి వచ్చి కాల్పులు మొదలుపెట్టించాడు. కాంకరింగ్ బేర్‌కు ప్రాణాంతకమైన గాయాలయ్యాయి. లకోటా యోధులు తిరగబడి గ్రాటన్ దళాన్ని మొత్తం చంపేశారు. ఒక ఆవు కోసం! మరుసటి ఏడాది జనరల్ హార్నీ వచ్చాడు. బాటలో ఆష్ హాలో అనే మజిలీకి నదికి అవతల, బ్లూ వాటర్ వాగు దగ్గర ఇంకో లకోటా శిబిరం మీద పడి 86 మందిని చంపాడు. స్త్రీలను, పిల్లలను సుమారు 70 మందిని బందీలుగా తీసుకుపోయాడు. తర్వాత ఏం జరిగిందో తెలుసా? లకోటాలు పవిత్రంగా చూసే బ్లాక్ హిల్స్‌లో ఎత్తైన శిఖరానికి ఆ హార్నీ పేరే పెట్టారు. ఎవరి మనుషులను చంపాడో వాళ్ల కొండకే చంపినవాడి పేరు. ఆ పేరు మారడానికి 2016 దాకా పట్టింది. ఇప్పుడది బ్లాక్ ఎల్క్ శిఖరం. బ్లాక్ ఎల్క్ లకోటా పెద్ద.

బాట చివర ఏముంది? భూమి. 1850లో ఒరెగాన్‌కు ఒక చట్టం చేశారు. అప్పటికే అక్కడ స్థిరపడ్డ తెల్లజాతి పురుషుడికి 320 ఎకరాలు, పెళ్లయితే భార్యకు ఇంకో 320. అప్పటికి విలామెట్ లోయలోని కలపూయా లాంటి తెగలతో ఆమోదం పొందిన ఒప్పందం ఒక్కటీ లేదు. అంటే ఇంకా కొననే కొనని ఇంటిని పంచిపెట్టేశారు. ఐదేళ్ల తర్వాత ఒప్పందం రాయించుకున్నారు, ఆ వెంటనే వాళ్లను గ్రాండ్ రాండ్ అనే రిజర్వేషన్‌కు తరలించారు. ముందు బాట, ఆ మీద కోట, తర్వాత పట్టా, చివరికి తరలింపు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. 'ఆ బండ్లలో వెళ్లినవాళ్లూ పేదోళ్లే కదా? పిల్లల్ని దారిలో పూడ్చిపెట్టి నడిచారు కదా?' నిజమే. నేను కాదనను. వాళ్ల కన్నీళ్లు అబద్ధం కాదు. కానీ పేదవాడికి భూమి ఇవ్వాలనుకున్న ప్రభుత్వం ఎప్పుడూ తన మనిషి భూమి ఇవ్వదు, అడవిలో ఉన్నవాడి భూమి చూపిస్తుంది. ఇద్దరు పేదలను ఎదురెదురుగా నిలబెట్టి తాను పక్కకు తప్పుకుంటుంది. మైదానం నుంచి ఏజెన్సీకి వచ్చిన పేద కుటుంబం మీద మనకు కోపం వచ్చినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. 1/70 చట్టాన్ని పక్కకు నెట్టి కాగితం రాసిచ్చింది ఎవరు? కోపం అక్కడికి చేరాలి.

అయితే ఈ కథలో ఓటమి ఒక్కటే లేదు. ఒక బండి బాటను తెగలవాళ్లు మూయించారు. అది కూడా తెలియాలి మనకు. 1860లలో మోంటానా బంగారం కోసం ఒరెగాన్ బాట నుంచి ఉత్తరానికి బోజ్‌మన్ బాట చీల్చారు. అది లకోటాలు, షైయెన్‌లు, అరాపహోలు వేటాడే నేల గుండా పోయింది. సైన్యం కోటలు కట్టింది. రెడ్ క్లౌడ్ నాయకత్వంలో రెండేళ్లు పోరాడారు. 1866 డిసెంబర్‌లో ఒక్క రోజే 81 మంది సైన్యం వైపువాళ్లు పోయారు. చివరికి 1868 ఒప్పందంలో ప్రభుత్వం కోటలు ఖాళీ చేసి ఆ రోడ్డు మూసేయడానికి ఒప్పుకుంది. ఖాళీ అయిన ఫిల్ కియర్నీ కోటను తగలబెట్టారు. నిజం చెప్పాలంటే ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ నేలను 1851 ఒప్పందం క్రో తెగదని రాసింది, లకోటాలు వాళ్లను నెట్టి వచ్చారు. అందుకే క్రోలలో కొందరు సైన్యం వైపు నిలబడ్డారు. తెగల మధ్య తగాదా ఎవరికి లాభమో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ గెలుపు నిలిచిందా? 1874లో కస్టర్ వందకు పైగా బండ్లతో, వెయ్యి మందితో బ్లాక్ హిల్స్‌లోకి దిగాడు. బంగారం ఉందని చాటాడు. అతను వెళ్లిన దారికి లకోటాలు ఒక పేరు పెట్టారు: దొంగల దారి. 1877లో బ్లాక్ హిల్స్ పోయాయి. కేసు నడిచి నడిచి 1980లో అమెరికా సుప్రీంకోర్టు, అది అన్యాయంగా తీసుకున్న భూమే అని తేల్చి, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. లకోటాలు ఈ రోజు దాకా ఆ డబ్బు ముట్టుకోలేదు. అది ఖజానాలో పెరిగి వంద కోట్ల డాలర్లు దాటింది. పేదరికంలో ఉండి కూడా ముట్టుకోలేదు. కొండ అమ్మకానికి లేదు అన్నారు, అంతే.

మరి ఒరెగాన్ బాట ఇంత గొప్ప జ్ఞాపకం ఎలా అయింది? దానంతట అదే కాలేదు. ఎజ్రా మీకర్ అనే ఆయన 1852లో కుర్రాడిగా ఆ బాట మీద వెళ్లాడు. 1906లో, 75 ఏళ్ల వయసులో, మళ్లీ ఎడ్లబండి కట్టి పడమటి నుంచి తూర్పుకు వెనక్కి నడిచాడు. ఊరూరా ఆగి ఉపన్యాసం చెప్పి, చందాలు వసూలు చేసి, బాట పొడవునా గుర్తురాళ్లు పాతించాడు. 1978లో ప్రభుత్వం ఆ బాటను జాతీయ చారిత్రక బాటగా ప్రకటించింది. బడిపిల్లల కోసం కంప్యూటర్ గేమ్ కూడా వచ్చింది. ఆ ముసలాయన పట్టుదలకు నేను దండం పెడతాను. ఆయన చేసింది మనకు పాఠం. గుర్తురాయి పాతినవాడి కథే నిలుస్తుంది. చెరోకీలను తుపాకీ చూపి నడిపించిన కన్నీటి బాటకు అదే గుర్తింపు 1987లో గానీ రాలేదు.

ఇప్పుడు మన గట్టు దగ్గరికి వద్దాం.

రోడ్డు అంటే ఏమిటో మన్యానికి తెలుసు. 1922 తిరుగుబాటుకు ముందు నర్సీపట్నం ఘాట్ రోడ్డు పనిలో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్న కోపం కూడా ఆ నిప్పులో ఉంది. నేను రోడ్డు వద్దనడం లేదు. డోలీలో గర్భిణిని మోసినవాళ్లకు రోడ్డు విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు. నేను అడిగేది ఒక్కటే: ఆ రోడ్డు ఎవరిని అడిగి వేస్తున్నారు, దాని మీద ముందు వచ్చేది అంబులెన్సా, ఖనిజం లారీనా? గ్రామసభలో ఈ ప్రశ్న అడిగే హక్కు మనకు పీసా చట్టం ఇచ్చింది.

ఇంకో మాట, దీన్ని బాగా వినండి. అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వ నియమం చదవండి. భూమి మీద మన హక్కుకు సాక్ష్యంగా పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు చూపించవచ్చు. పెద్దవాళ్లు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. అంటే మన అవ్వ చూపించే వేల్పుల చెట్టు, తాత చెప్పే పాత ఊరి దిబ్బ, కట్టెలకు వెళ్లే కాలిబాట పక్కన ఉన్న దయ్యపు బండ ఇవన్నీ ఉత్త కథలు కావు. ఇవే మన ఇండిపెండెన్స్ రాక్, ఇవే మన చిమ్నీ రాక్. కెస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం కోసం ఏటా కాలినడకన హస్తినమడుగుకు వెళ్లి వస్తారు. ఆ నడక దారిలో ప్రతి మజిలీకీ పేరుంది, ప్రతి చెట్టుకూ లెక్క ఉంది. ఆ దారి నడిచేవాళ్ల కాళ్లలో బతికి ఉంది. మిగతా మన దారుల సంగతేంటి? గూగుల్ మ్యాప్‌లో మన ఊరి పేరే తప్పుగా ఉంటే, ఊరి వెనక గుట్ట పేరు ఎవరికి తెలుస్తుంది?

అందుకే ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊళ్లో వయసు మీదపడ్డ అవ్వనో తాతనో వెంటబెట్టుకుని ఊరి పొలిమేర తిరగండి. ప్రతి రాయి, వాగు, చెట్టు దగ్గర ఆగి పేరు అడగండి. కోయలోనో గోండిలోనో కొండ భాషలోనో, ఏ మాటలో చెప్తే ఆ మాటలోనే రికార్డు చేయండి. ఫోన్లో లొకేషన్ పెట్టండి, ఫొటో తీయండి. ఆ పేరు ఎందుకొచ్చిందో రాయండి. నవ్వొచ్చే పేరైనా సిగ్గుపడి మార్చకండి, దుప్పి కథ గుర్తుంది కదా. చివర్లో గ్రామసభ రిజిస్టరులో ఎక్కించి సంతకాలు పెట్టించండి.

మనం రాయకపోతే ఆ రాయికి పేరు ఉండదని కాదు. ఎవరో వచ్చి పెడతారు. అప్పుడు మన మనవలు ఆ బోర్డు ముందు సెల్ఫీ దిగి, 'ఇక్కడ మనకంటే ముందు ఎవరూ లేరంట' అనుకుంటూ ఇంటికొస్తారు. అవ్వ ఉండగానే అడగండి.

జోహార్.